సగం దారిలో మందుల కవరు

పొద్దున్నే షాపు తెరిచాక నా మొదటి పని కౌంటర్ అద్దం తుడవడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు మా యజమాని వెంకటరత్నం గారు నా చెయ్యి ఆపారు.

"ఆగమ్మా. తుడిచేముందు ఒకసారి చూడు," అన్నారు.

అద్దం నిండా నిన్నటి చేతి ముద్రలు. కొన్ని వేళ్ల కొనలు మాత్రమే ఆనినవి. కొన్ని అరచెయ్యంతా పెట్టి నొక్కినవి.

"వేళ్లు పెట్టినవాళ్లు మందులకొచ్చారు. అరచెయ్యి పెట్టినవాళ్లు నిలబడలేక పెట్టారు. అట్టాంటివాళ్లకి ముందు కుర్చీ వెయ్యి. చీటీ తర్వాత చూడొచ్చు," అన్నారు.

ఫార్మసీ కాలేజీలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నారో లేదో తెలియదు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి ఆయన మాటతోనే మొదలుపెట్టాను. వెంకటరత్నం గారు కోపిష్టి. చేతిరాత బాగోలేదని నన్ను అందరి ముందూ తిట్టేవారు. జీతం పెంచమంటే వినపడనట్టు ఊరుకునేవారు. అయినా షాపు మెట్టెక్కే ప్రతి ముసలి మనిషి వైపూ ఆయన కళ్లు ముందు పాదాల దగ్గరికే వెళ్లేవి. మెట్టు ఎక్కడానికి తొడ మీద చెయ్యి వేసుకుంటున్నారా, చెప్పులు ఈడుస్తున్నారా, పోయిన నెల ఒంటరిగా వచ్చినవాళ్లు ఈ నెల ఎవరి భుజమైనా పట్టుకుని వచ్చారా అని చూసేవారు. మనిషి మంచాన పడటం ఒక్కరోజులో జరగదని, అంతకు చాలాకాలం ముందే మన షాపు మెట్టు దగ్గర కనపడుతుందని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కౌంటర్‌కి ఇవతల

మా షాపు విజయవాడ పటమటలో, ఆటోనగర్‌కి వెళ్లే దారిలో ఉండేది. మాది గుడివాడ దగ్గర పల్లె. పెళ్లయిన కొద్దికాలానికే మా ఆయన జబ్బుచేసి పోయారు. పిల్లలు లేరు. షాపుకి దగ్గరలో ఒక చిన్న వాటా అద్దెకి తీసుకున్నాను. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ వాటాలోనే ఉన్నాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. ఆదివారం పొద్దున చర్చి, మిగతా రోజులన్నీ షాపు.

ఈ పనిలో చేరేవాళ్లకి ఒక సంగతి ఎవరూ చెప్పరు. వీధి వీధంతా మనకి తెలుస్తుంది, మనం మాత్రం ఎవరికీ తెలియం. ఎవరికి మూలశంక ఉందో, ఎవరింట్లో ఎవరు నిద్రమాత్ర లేకుండా పడుకోరో, ఏ ఇంటి కోడలికి బిడ్డ నిలవడం లేదో మనకి తెలుసు. కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి మనకి అన్నీ చెప్పినవాళ్లే రైతుబజారులో ఎదురైతే వంకాయల వైపు తిరిగిపోతారు. అది పొగరు కాదు, సిగ్గు. పెళ్లి కార్డు పట్టుకుని మందుల షాపుకి ఎవరూ రారు. మొదట్లో నాకు కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది. అలవాటైందంటే కష్టం పోయిందని కాదు.

ఆవిడ రావడం మానేశారు

వెంకటరత్నం గారు పోయాక షాపు ఆయన తమ్ముడి కొడుకు ఫణి చేతికి వచ్చింది. ఫణి కూడా ఫార్మసీ చదివినవాడే. చురుకైనవాడు, పెద్ద గొంతుతో మాట్లాడడు. అప్పటికే చుట్టూ పెద్ద పెద్ద షాపులు వచ్చేశాయి, ఫోన్ నొక్కితే మందులు ఇంటికి వస్తున్నాయి. ఫణి కూడా ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. పాత ఖాతాదారులందరికీ ఫోన్‌లో సందేశం పంపాడు: ఇక మీరు ఎండలో రానక్కర్లేదు, మేమే వస్తాం అని.

మంచం దిగలేనివాళ్లకి అదొక వరం. ఆ మాట ఒప్పుకోకపోతే అన్యాయం. కానీ దిగగలిగినవాళ్లు కూడా దిగడం మానేశారు.

సీతామహాలక్ష్మి గారని ఒకావిడ ఉండేవారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. గొంతు ఇంకా టెలిఫోన్‌లో మాట్లాడినంత స్పష్టంగా ఉండేది. థైరాయిడ్ మాత్రల కోసం వచ్చి, దారిలో కూరలు కొని, మా కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుని, నాతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లేవారు. మందులు ఇంటికి వెళ్లడం మొదలయ్యాక ఆవిడ కనపడలేదు. కవరు మాత్రం నెలనెలా వెళ్లేది. కొంతకాలానికి డెలివరీకి వెళ్లే ప్రసాద్ నాతో అన్నాడు.

"మేడమ్, ఆ టెలిఫోనమ్మ గారు ఇప్పుడు తలుపు తియ్యట్లేదండి. పనమ్మాయొచ్చి తీస్తంది. పెద్దోళ్ల డైపర్లు కూడా తెమ్మన్నారు."

ఆ ఆదివారం చర్చి నుంచి అటే వెళ్లాను. ఆవిడ మంచం మీద ఉన్నారు. పడలేదు, ఎముక విరగలేదు, పక్షవాతం రాలేదు. కాళ్లు సన్నగా పుల్లల్లా అయిపోయాయి. లేపి నిలబెడదామని నేనూ పనమ్మాయీ ప్రయత్నిస్తే మోకాళ్లు వణికి మళ్లీ కూలబడ్డారు.

"ఎందుకమ్మా ఇలా అయిపోయారు? చక్కగా వచ్చేవారు కదా," అన్నాను.

"రావడానికి పనేముందమ్మా? పాలు ఇంటికొస్తున్నాయి, కూరలు ఇంటికొస్తున్నాయి, మందులు కూడా మీరే పంపిస్తున్నారు. మెల్లగా కుర్చీలోంచి లేవడం తగ్గింది. తర్వాత మంచం మీంచి," అన్నారు. నా మీద నింద లేదు ఆ గొంతులో. ఎవరికో నంబరు చదివి చెప్పినట్టు చెప్పారు.

ఫిజియోథెరపీ అతన్ని పిలిపించాం. ఆలస్యమైపోయింది. ఆవిడ మళ్లీ లేవలేదు.

ఫణితో గట్టిగానే మాట్లాడాను. నడవగలిగినవాళ్లకి పంపొద్దు అన్నాను.

"మనం మానేస్తే పక్క షాపువాళ్లు పంపిస్తారు మేడమ్. అప్పుడు వాళ్ల మొహం కూడా మనం చూడం," అన్నాడు.

అతని మాట తప్పని ఇప్పటికీ అనలేను.

గోడ మీద మరక

తర్వాతి ఏడాది మొహిద్దీన్ గారి ఫోన్ వచ్చింది. "కమలమ్మా, ఇకనుంచి నా మందులు కూడా ఇంటికే పంపించు," అన్నారు.

ఆయన ఆటోనగర్‌లో లేతు మిషను మీద జీవితమంతా పనిచేసిన మనిషి. సొంత షెడ్డు నడిపారు. భార్య పోయాక షెడ్డు అమ్మేసి, మా షాపు వెనక సందులో మేడ మీద గదిలో ఉంటున్నారు. ఒక్కతే కూతురు. హనుమాన్ జంక్షన్‌లో కాపురం, అల్లుడికి అక్కడ టైర్ల షాపు. మా దగ్గరికి కుర్చీ అక్కర్లేకుండా వచ్చే పెద్దవాళ్లలో ఆయన ఒకరు. అలాంటి మనిషి ఇంటికి పంపమనేసరికి నాకు సీతామహాలక్ష్మి గారి మంచం గుర్తొచ్చింది. ప్రసాద్ చేతికి ఇవ్వాల్సిన కవరు నేనే తీసుకుని వెళ్లాను.

తలుపు తెరిచే ఉంది. లోపల మంచం నుంచి బాత్రూం వరకూ గోడ మీద, చెయ్యి ఆనే ఎత్తులో, నల్లగా ఒక మరక సాగి ఉంది. ఆయన ఎలా నడుస్తున్నారో ఆ గోడే చెప్పింది.

"ఏమైందండీ?" అని అడిగాను.

"టీ కొట్టు ముందు పడ్డానమ్మా. కుర్చీలోంచి లేచా, కళ్లు చీకట్లు కమ్మినయ్యి. అంతే."

మాత్రలన్నీ చూపించమన్నాను. బిస్కెట్ డబ్బా తెచ్చారు. బీపీకి ఒక డాక్టరు గారు రాసినవి ఉన్నాయి. మూత్రం ఇబ్బందికి ఇంకో డాక్టరు గారు రాసినవి ఉన్నాయి, అవి కూడా లేచినప్పుడు బీపీని దించేవే. ముక్కు కారుతోందని ఎక్కడో కొనుక్కున్న మాత్ర ఇంకొకటి, రోజంతా మగతగా ఉంచే రకం. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు, అంతే. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దని చెప్పి, మర్నాడు ఆ డబ్బాతో సహా ఆయన్ని ఆటోలో బీపీ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు గారు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబెట్టినప్పుడు బాగా పడిపోయింది. "మంచిపని చేశారు డబ్బా తెచ్చి," అని రెండో డాక్టరు గారితో ఫోన్‌లో మాట్లాడి మందులు మార్చారు. ముక్కు మాత్ర తీసేశారు. లేచేముందు మంచం అంచున కాసేపు కూర్చుని అప్పుడు లేవమన్నారు.

ఇది పెద్ద ఘనకార్యం కాదు. కౌంటర్ వెనక నిలబడే ప్రతి ఒక్కరూ చెయ్యాల్సిందే. పెద్దవాళ్లు పడ్డారని వింటే ముందు అడగాల్సింది నొప్పుల మందు కావాలా అని కాదు, ఏమేం వేసుకుంటున్నారు అని.

కళ్లు తిరగడం తగ్గింది. పని అయిపోయిందనుకున్నాను. కానీ మొహిద్దీన్ గారు కిందకి దిగలేదు.

మెట్ల కింద

మళ్లీ వెళ్లి అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు.

"ఆ టీ కొట్టు దగ్గర నన్ను లేపినోళ్లెవరో తెలుసా? నా షెడ్డులో పని నేర్చుకున్నోళ్లు. సంకల కింద చేతులేసి లేపారు. సోడా తాగించారు. పాపం మంచోళ్లే. కానీ ఇప్పుడు ఆ దారిన పోతే కుర్చీ జరుపుతారు, పెద్దాయనకి చెయ్యందించరా అంటారు. అది నాకొద్దు."

"నమాజుకి?"

"గదిలోనే చేసుకుంటున్నా."

"అన్నం?"

"క్యారేజీ వస్తంది."

"మరి రోజంతా?"

"ఏముందమ్మా, పొద్దు గూకుద్ది," అన్నారు.

నా ఆదివారం సాయంత్రాలు కూడా అలాగే గడిచేవి.

అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పేశాను. "అయితే రేపటినుంచి మీ ఇంటికి డెలివరీ లేదండీ. నెల మందులు ఒకేసారి ఇవ్వను. వారానివే ఇస్తాను. సగం దారి నేనొస్తా, సగం దారి మీరు రావాలి."

"సగం అంటే ఎక్కడికి?"

"ముందు మీ మెట్ల కింద దాకా."

ఆయనకి కోపం వచ్చింది. మొహం తిప్పేసుకున్నారు.

మందులు అయిపోయే రోజు మధ్యాహ్నం, షాపులో జనం పల్చబడే వేళ చూసి, కవరు తీసుకుని వెళ్లి మెట్ల కింద నిలబడ్డాను. పిలిచాను. పైనుంచి గొంతు వినపడింది.

"పైకి తెచ్చియ్యమ్మా. మోకాళ్ల నొప్పులు."

"నాకూ ఉన్నాయండీ," అన్నాను.

ఆయన దిగలేదు. ఎండ మెట్ల మీదికి జరిగింది. ఎదురింటావిడ బట్టలు తీసుకుంటూ నన్ను వింతగా చూసింది. చాలాసేపు నిలబడి కవరుతో వెనక్కి వచ్చేశాను.

ఫణికి విషయం చెప్పాను. అతను మొదటిసారి గొంతు పెంచాడు. "బీపీ మందులండీ అవి. ఆగితే ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత?"

నాదే అన్నాను. ఆ మాట అనడం తేలిక. ఆ సాయంత్రమంతా ఎవరికి ఏ మందు ఇస్తున్నానో రెండేసి సార్లు చూసుకున్నాను, నా చేతుల మీద నాకు నమ్మకం లేక. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చేసింది చెయ్యమని చెప్పను. మందులు అడ్డం పెట్టి మనిషిని కదిలించడం సరైన పద్ధతి కాదు. మర్నాడు ఆయన దిగకపోతే పైకి వెళ్లి ఇచ్చేసి, క్షమించమని అడగాలని నిశ్చయించుకున్నాను.

పొద్దున్నే వెళ్లాను. మొహిద్దీన్ గారు మెట్ల మధ్యలో కూర్చుని ఉన్నారు. తెల్ల టోపీ, ఉతికిన చొక్కా. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి చెయ్యి చాపారు. నేను ఎక్కలేదు. ఆయన ఒక్కో మెట్టూ కూర్చునే జరిగి, కిందకి వచ్చి కవరు అందుకున్నారు.

"మొండిదానివమ్మా నువ్వు," అన్నారు.

"మీరు కాదా?" అన్నాను.

ఆ తర్వాతి వారం మెట్ల కింద. ఆపైన సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర. ఇస్త్రీ బండి ఆదిలక్ష్మి మాకోసం స్టూలు వేసేది. ఆ స్టూలు మీంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, బండి అంచు పట్టుకుని మడమలు ఎత్తి దించడం చేయించేదాన్ని. ఆయన ఒక్కడే చెయ్యడానికి సిగ్గుపడితే పక్కన నేనూ చేసేదాన్ని. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిపించాను. గుడ్డు తింటున్నారా, పప్పు తింటున్నారా అని అడిగితే విసుక్కునేవారు.

"రోజూ తిప్పకపోతే మిషను బిగుసుకుపోద్దని నా దగ్గర పని నేర్చుకున్నోళ్లకి నేనే చెప్పేవోణ్ణి. ఇప్పుడు నువ్వు నాకు చెప్తున్నావు," అనేవారు.

ఇస్త్రీ బండి తర్వాత ఆటో స్టాండు బెంచీ. దాని తర్వాత టీ కొట్టు వచ్చింది. అక్కడికి ఆయన రానంటారనుకున్నాను. వచ్చారు. కొట్టు ముందు నిలబడి, "రెండు టీలు," అన్నారు. ఎవరూ చెయ్యందించలేదు. అందివ్వబోయిన ఒకతన్ని నేను కళ్లతోనే ఆపాను. నిలబడే టీ తాగాం. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను వీధిలో నిలబడి ఒకరితో టీ తాగడం అదే మొదలు.

తర్వాత ఆయన షాపు దాకా రావడం మొదలుపెట్టారు. ఎదురు వెళ్లే పని నాకు లేకుండా పోయింది. మధ్యాహ్నం ఆ వేళకి కాళ్లు నన్ను అటువైపు లాగేవి.

ఇది చూసి ఫణి కూడా మెత్తబడ్డాడు. షాపు ముందు నాలుగు కుర్చీలు వేసి, శనివారం పొద్దున పెద్దవాళ్లు వస్తే లేవడం, నిలబడటం, నడవడం ఎలా ఉందో చూస్తామని బోర్డు పెట్టాడు. మొదటి వారం కొంతమంది వచ్చారు. తర్వాత తగ్గిపోయారు. చివరికి కుర్చీలు నేనూ ప్రసాదూ లోపల పెట్టేశాం. పిలిస్తే వస్తారనుకోవడం మా పొరపాటు. బోర్డు చూసి ఎవరూ మెట్లు దిగరు. కింద తమకోసం ఒక మనిషి నిలబడి ఉండాలి. ఎంతమందికోసం ఒక మనిషి అలా నిలబడగలడు? దీనికో దారి మీ కాలంలో మీరు కనిపెడతారేమో.

హనుమాన్ జంక్షన్

మొహిద్దీన్ గారిని కూతురు తన దగ్గరికి తీసుకెళ్లిపోయింది. మంచి పనే. ఆ మాట చెప్పడానికి ఆయన షాపుకి వచ్చిన రోజు కౌంటర్ దగ్గర విపరీతమైన జనం, ఊరంతా జ్వరాలు. కుర్చీలో కూర్చుని ఎదురుచూశారు. నేను తలెత్తి చూసినప్పుడల్లా, నీ పని కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపారు. కొంతసేపటికి చూస్తే కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. వెళ్లిపోతున్నానని చెప్పమని ప్రసాద్‌కి చెప్పి వెళ్లారట.

తర్వాత నేనూ రిటైరయ్యాను. శాలువా కప్పారు, స్వీట్లు పంచారు. మర్నాడు పొద్దున లేచి చీర కట్టుకున్నాక వెళ్లడానికి చోటు లేదని తెలిసింది. పాల ప్యాకెట్ తలుపుకి వేలాడుతోంది. కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు నేల మీంచి లేస్తూ మంచం పట్టె పట్టుకున్నాను. పట్టుకున్న సంగతి లేచాకగాని గమనించలేదు. ఇంకొకరిలో అయితే మెట్టు దగ్గరే గమనించేదాన్ని.

ఆ వారమే ఏలూరు బస్సు ఎక్కాను. గన్నవరం దాటాక కాలవ గట్లు, కొబ్బరి చెట్లు వెనక్కి పోతుంటే, ఏ ముఖం పెట్టుకుని వెళ్తున్నాను, నేనేం చుట్టాన్నా అనిపించింది. హనుమాన్ జంక్షన్‌లో దిగి అల్లుడి టైర్ల షాపు అడిగి కనుక్కున్నాను. ఇల్లు షాపు వెనకే. కూతురు షకీలా నన్ను ఎరుగదు. పేరు చెప్పగానే, "నాన్నా, మెట్లకింద మేడం గారు," అని లోపలికి కేకేసింది. ఆ ఇంట్లో నాకు ఒక పేరు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన బాగా సన్నబడ్డారు. చెవులు సరిగ్గా వినపడటం లేదు. కానీ గోడ పట్టుకోకుండా నడిచి వచ్చారు. షకీలా అన్నం పెట్టింది. అల్లుడి షాపు దాకా, మసీదు దాకా రోజూ వెళ్తున్నారని చెప్పింది. సాయంత్రం నేను బయల్దేరితే, ఆయన చెప్పులేసుకుని బస్టాండు దాకా వస్తానన్నారు. వద్దన్నా వినలేదు. లారీలు హారన్లు కొడుతుంటే రోడ్డు పక్కన మెల్లగా నడిచాం. నా నడకే ఆయన కంటే మెల్లగా ఉంది. ఆయన ఆగి ఆగి నన్ను కలుపుకున్నారు.

బస్టాండులో అడిగారు. "ఇంకా ఒక్కదానివే ఉంటున్నావా?"

"అవునండీ."

"మరి రోజూ ఎక్కడిదాకా నడుస్తున్నావు?"

లారీ శబ్దంలో వినపడనట్టు ఊరుకున్నాను. ఆయన ఇంకోసారి, గట్టిగా అడిగారు. చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూశారు.

"ఎక్కడికీ లేదండీ," అన్నాను.

బస్సు వచ్చింది. నేను ఎక్కడానికి కమ్మీ పట్టుకుంటే, చెయ్యి అందించబోయి ఆపుకున్నారు. ఎక్కేదాకా చూస్తూ నిలబడ్డారు. సీట్లో కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టి, వచ్చే నెల మళ్లీ వస్తానని చెప్పాను. వినపడిందో లేదో, చెయ్యి ఊపారు.

పటమటలో దిగేసరికి చీకటి పడింది. తాళం తీసి, లైటు వేసుకుని, ఒక్కదాన్నే కూర్చున్నాను. మర్నాడు పాలు తెచ్చే అతనితో ఇకనుంచి ఇంటికి వెయ్యొద్దని చెప్పాను. మూల మీద కొట్టుకి నేనే వెళ్తున్నాను. ఆ కొట్టతను నాతో పెద్దగా మాట్లాడడు. హనుమాన్ జంక్షన్‌కి మాత్రం నెలకోసారి వెళ్తున్నాను.